వెలుగు మారే చుక్కలు: పాయగా కుటుంబం, నిజామియా వేధశాల

వికారాబాదు పేరులో ఉన్నది ఒక బిరుదు. హైదరాబాదు కొలువులో నిజాం తర్వాతి స్థానం తమదేనని చెప్పుకోగలిగిన పాయగా ప్రభువుల ఇంట తండ్రి రషీదుద్దీన్ ఖాన్‌కూ, కొడుకు ఫజులుద్దీన్ ఖాన్‌కూ దక్కిన 'వికారుల్ ఉమ్రా' బిరుదు మీదనే ఆ ఊరికి పేరు ఏర్పడింది. పాయగా అంటే నిజాం సొంత రక్షణకు అశ్వదళాన్ని పోషించే బాధ్యతను, ఆ పోషణకు సరిపడా జాగీరు గ్రామాలను కలిపి పొందిన ప్రభువర్గం. 1893 నుంచి 1901 వరకు రాజ్యానికి దివానుగా పనిచేసిన ఫజులుద్దీన్ ఖాన్ 1884లో హైదరాబాదు దక్షిణపు గుట్ట మీద ఒక మేడకు పునాది వేయించి, దానికి ఫలక్‌నుమా అని, అంటే ఆకాశపు అద్దమని పేరు పెట్టాడు. ఆయన అన్న ఖుర్షీద్ జా కుమారుడైన నవాబు జఫర్ జంగ్ మాత్రం ఆకాశాన్ని పేరులో పెట్టుకోవడంతో తృప్తిపడలేదు. ఆ మేడకు దగ్గరలోనే ఉన్న తన ఫిసల్‌బండ ఎస్టేటులో 1901లో అసలైన వేధశాలనే నెలకొల్పాడు. గ్రహ నక్షత్రాలను పరికరాలతో కొలిచే చోటును సంస్కృతంలో వేధశాల అనీ, నాటి హైదరాబాదు రాజభాషలో రసద్‌గాహ్ అనీ అన్నారు. ఈ విధంగా మూసీ పుట్టిన అనంతగిరి కొండల కింది ఊరికి పేరు ఇచ్చిన కుటుంబం నుంచే హైదరాబాదులో ఆధునిక ఖగోళ పరిశోధన కూడా మొదలయింది.

ఆ కుటుంబానికి ఇది ఉన్నట్టుండి కలిగిన సరదా కాదు. జఫర్ జంగ్ ముత్తాత ఫక్రుద్దీన్ ఖాన్, అంటే రెండవ షమ్సుల్ ఉమ్రా, 19వ శతాబ్ది తొలి సగంలోనే యూరపు విజ్ఞాన గ్రంథాలను ఉర్దూలోకి తర్జుమా చేయించి, సొంత శిలాముద్రణాలయంలో అచ్చు వేయించాడు. 'సిత్తా షమ్సియా' అనే పేరుతో వెలువడిన ఆ ఆరు పుస్తకాల వరుసలో యంత్రశాస్త్రం, దృశాశాస్త్రం, విద్యుత్తు వంటి వాటితో పాటు ఖగోళశాస్త్రానికీ చోటు దక్కింది. దేశభాషల్లో విజ్ఞానశాస్త్రం చదివేవారు వేళ్ల మీద లెక్కించదగినంత మంది ఉన్న కాలంలో, జీతభత్యాలు ఇచ్చి తర్జుమా చేయించి ముద్రించిన ఆ ప్రయత్నానికి దక్కనులోని విజ్ఞాన చరిత్ర చెప్పేటప్పుడు సాధారణంగా దక్కుతున్న గౌరవం చాలదు. ముత్తాత పుస్తకంగా అందించిన ఆసక్తి మునిమనుమడి చేతిలో దుర్భిణిగా మారింది.

ఆ వేధశాల తర్వాతి ఏడు దశాబ్దాలలో చేసిన పనుల్లో ఒకటి, చరకాంతి నక్షత్రాల పరిశీలన, ప్రత్యేకంగా చెప్పుకోదగినది. చరకాంతి నక్షత్రం అంటే కాలక్రమంలో వెలుగు పెరుగుతూ తరుగుతూ ఉండే చుక్క. గాలి అలల వల్ల ప్రతి చుక్కా క్షణక్షణం మినుకుమనడం వేరు, చుక్కలోనే జరిగే మార్పు వల్ల గాని, దాని ముందుకు మరొక చుక్క అడ్డు రావడం వల్ల గాని రోజులు, నెలలు పట్టి వెలుగు మారడం వేరు. తెలుగు రైతుకు నక్షత్రం అంటే కార్తె. తాండూరు నల్లరేగళ్లలో కంది విత్తేవారు మృగశిర ఎప్పుడు ప్రవేశిస్తుందో, ఆరుద్ర ఎప్పుడు వస్తుందో లెక్క చూసుకుంటారు. కార్తె అంటే సూర్యుడు ఆ నక్షత్రం దగ్గర ఉండే సుమారు పద్నాలుగు రోజుల కాలం కాబట్టి, ఆరుద్ర కార్తె నడిచే జూన్ నెలాఖరులో ఆర్ద్రా నక్షత్రం సూర్యకాంతిలో మునిగి కంటికి కనబడదు. పంచాంగ గణితంలో నక్షత్రం దారి పక్కన పాతిన మైలురాయి వంటిది, సూర్యచంద్రులు, గ్రహాలు దాన్ని దాటుకుంటూ పోతాయే తప్ప అది కదలదు, మారదు. ఆ మైలురాళ్లలో ఒకటైన ఆర్ద్రే వెలుగు మారే చుక్క కావడం విశేషం. 1836లో జాన్ హెర్షెల్ దాని కాంతి హెచ్చుతగ్గులను గుర్తించాడు. 2019 చివర, 2020 మొదట్లో అది మామూలు కళ్లకే తెలిసేంతగా మసకబారింది.

తెలుగు నేలకు ఈ విద్య హైదరాబాదు కంటే ముందు తూర్పు తీరాన పరిచయమయింది. మద్రాసు వేధశాలలో టి.జి. టేలర్ వద్ద శిక్షణ పొందిన గోడే వెంకట జగ్గారావు 1840 ప్రాంతంలో విశాఖపట్నంలో తన సొంత వేధశాలను నెలకొల్పి, డాల్ఫిన్స్ నోస్ కొండ మీద ఓడలకు కాలం తెలిపే జెండా సంకేతానికి కూడా పూనుకున్నాడు. ఆయన 1856లో మరణించాక అల్లుడు అంకితం వెంకట నరసింగరావు ఆ బాధ్యతను తీసుకుని, 1868 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని, 1874 నాటి శుక్రగ్రహ సంక్రమణాన్ని పరిశీలించాడు. వెలుగు మారే చుక్కల చరిత్రలో అంతకంటే దగ్గరి సంబంధం ఉన్నది మద్రాసుకే. 1861 నుంచి 1891 వరకు అక్కడ ప్రభుత్వ ఖగోళజ్ఞుడుగా ఉన్న నార్మన్ పోగ్సన్, ఆ పదవికి రాకముందే 1856లో, చుక్కల వెలుగును కొలిచే మెట్ల మధ్య నిష్పత్తిని 2.512గా స్థిరపరిచాడు. చుక్కల వెలుగును మెట్లుగా చెప్పే ఈ కొలతను ప్రకాశ పరిమాణం అంటారు. మెట్టు సంఖ్య ఒకటి పెరిగితే వెలుగు రెండున్నర రెట్లు తగ్గుతుంది, అయిదు మెట్లు పెరిగితే నూరో వంతుకు పడిపోతుంది. చరకాంతి తారల పరిశీలన అంతా ఈ మెట్ల మీదనే ఆధారపడింది. పోగ్సన్ వద్ద సహాయకుడుగా ఉన్న చింతామణి రఘునాథాచారి 1867లో దక్షిణాకాశంలోని రెటిక్యులం రాశిలో ఒక చరకాంతి తారను కనుగొన్నాడు, దానిని ఇప్పుడు ఆర్ రెటిక్యులి అని పిలుస్తున్నారు.

జఫర్ జంగ్ ఐర్లండు రాజధాని డబ్లిన్‌లోని గ్రబ్ కర్మాగారం నుంచి 15 అంగుళాల దుర్భిణిని తెప్పించాడు. 15 అంగుళాలన్నది గొట్టం చివరి కటకం వ్యాసం. కటకం ఎంత వెడల్పయితే అంత కాంతి పోగవుతుంది, అంత మసక చుక్క కనపడుతుంది. 1874లో తెరుచుకున్న వాడి-సికింద్రాబాదు రైలుమార్గం తాండూరు, వికారాబాదు స్టేషన్ల మీదుగా హైదరాబాదును బొంబాయి రేవుతో కలిపిన తర్వాతనే విదేశాల నుంచి ఇంత బరువైన సామగ్రిని ఈ మెట్ట రాజ్యానికి దిగుమతి చేసుకోవడం సులువయింది. తన వేధశాలకు నిజాం పేరు పెట్టుకునేందుకు ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ అనుమతి కోరిన జఫర్ జంగ్, తన తదనంతరం అది ప్రభుత్వానికి చెందాలని కూడా ఏర్పాటు చేశాడు. ఆయన 1907లో కన్నుమూశాడు. 1908లో ప్రభుత్వం వేధశాలను స్వాధీనం చేసుకుని, ఆర్థర్ చాట్‌వుడ్‌ను మొదటి డైరెక్టరుగా నియమించి, పరికరాలను నగరానికి ఉత్తరాన, అప్పట్లో ఊరి వెలుపల ఉన్న బేగంపేట మిట్టకు తరలించింది.

పెద్ద దుర్భిణి కోసం దాత తపించినా, ముందుగా అక్కరకు వచ్చింది మాత్రం చిన్న పరికరమే. 1887లో పారిస్‌లో జరిగిన సమావేశం ఆకాశాన్నంతా ఫొటో పలకల మీదకు ఎక్కించే అంతర్జాతీయ పథకాన్ని తలపెట్టి, భూగోళం మీది వేధశాలలకు ఆకాశాన్ని పట్టీలుగా పంచింది. అందులో దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల వరకు ఉన్న పట్టీ హైదరాబాదుకు దక్కింది, తర్వాత ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల పట్టీ కూడా చేరింది. మొదట ఈ పట్టీలు వేరే వేధశాలల వాటాగా ఉండగా, అవి పూర్తి చేయలేని భాగం హైదరాబాదు నెత్తిన వేసుకుంది. 8 అంగుళాల కుక్ ఫొటో దుర్భిణితో గాజు పలకల మీద చుక్కలను పట్టి, ఒక్కొక్క చుక్క స్థానాన్ని కొలిచి 12 సంపుటాలుగా అచ్చు వేశారు. ఏడు లక్షలకు పైగా చుక్కల స్థానాలు ఆ సంపుటాల్లో ఉన్నాయి. 1914 నుంచి 1918 వరకు డైరెక్టరుగా ఉన్న రాబర్ట్ పోకాక్ కాలంలో ఊపందుకున్న ఈ పని రెండు దశాబ్దాలకు పైగా నడిచింది. కొలిచినవారిలో, లెక్క కట్టినవారిలో అధికులు పేరు తెలియని స్థానిక గుమాస్తాలు. అంకెల పట్టికలకు పేరు ఉండదు గాని, ఆ అంకెలు తప్పయితే పథకమే పనికిరాకుండా పోయేది.

1918లో వేధశాల పగ్గాలు టి.పి. భాస్కరన్ చేతికి వచ్చాయి. భాస్కర శాస్త్రిగా కూడా పేరున్న ఆయన 1944 వరకు ఆ పదవిలో ఉన్నారు. 1919లో వేధశాల కొత్తగా ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందకు వెళ్లింది. దాత కొన్న గ్రబ్ దుర్భిణి ఇరవై ఏళ్లకు పైగా ఆకాశం వైపు సరిగా తిరగకుండా ఉండిపోయి, చివరికి 1922లో బేగంపేట గుమ్మటం కింద నిలబడింది. విజ్ఞానశాస్త్రంలో పరికరం కొనడం సులభమని, దాన్ని నిలబెట్టి రాత్రి వెంట రాత్రి పనిచేయించే మనుషులను కూర్చుకోవడమే కష్టమని ఈ ఇరవై ఏళ్లు చెబుతున్నాయి. ఆ మనుషులను కూర్చిన భాస్కరన్ పేరు దాత పేరుతో సమానంగా చెప్పుకోవలసినది. గ్రబ్ నిలబడ్డాక వేధశాల చేపట్టిన పనుల్లో దీర్ఘకాల చరకాంతి తారల పరిశీలన ముఖ్యమైనది. వెలుగు పెరిగి తరిగి మళ్లీ మొదటికి రావడానికి మూడు నాలుగు నెలల నుంచి ఏడాదికి పైగా పట్టే ఎర్రని పెద్ద చుక్కలను దీర్ఘకాల చరకాంతి తారలంటారు. వాటిలో తొలిసారిగా 1596లో డేవిడ్ ఫాబ్రిషియస్ గుర్తించిన మీరా ఒకటి. కొంతకాలం మామూలు కంటికి స్పష్టంగా కనిపించి, మరికొంత కాలం పూర్తిగా మాయమయ్యే ఆ తార కాంతి చక్రం సుమారు 332 రోజులు.

ఈ పరిశీలన చేసే పద్ధతి చూస్తే, పరికరం కంటే మనిషి కన్ను ఎంత ముఖ్యమో తెలుస్తుంది. పరిశీలకుడు చీకటిలో కన్ను అలవాటు పడేవరకు ఆగి, ఎర్రటి మందమైన దీపం వెలుతురులో పటం చూసుకుని, వెలుగు మారే చుక్క చుట్టూ ఉన్న మారని చుక్కలను పోల్చుకుంటాడు. వాటి ప్రకాశ పరిమాణాలు ముందే తెలిసి ఉంటాయి. ఒకటి 9.2 అనీ, మరొకటి 9.8 అనీ అనుకుంటే, తాను కొలిచే చుక్క మొదటి దానికంటే మసకగానూ రెండో దానికంటే కొంచెం ప్రకాశంగానూ కనిపించినప్పుడు, ఆ రెంటి మధ్య దూరాన్ని మనసులో భాగించి 9.6 అని పుస్తకంలో రాసుకుంటాడు. పక్కన వేళ రాస్తాడు. ఆ వేళ మామూలు తేదీలో కాక, క్రీ.పూ. 4713 నుంచి వరుసగా రోజులను లెక్కపెట్టే జూలియన్ దిన సంఖ్యలో ఉంటుంది. ఆ లెక్కలో రోజు మధ్యాహ్నం మారుతుంది కాబట్టి దక్కను రాత్రి మధ్యలో తేదీ మారే చిక్కు ఉండదు. ఎర్ర చుక్కను ఎక్కువసేపు తేరిపార చూస్తే అది ఉన్నదానికంటే కాంతివంతంగా తోస్తుంది గనుక, చూపును నిలపకుండా ఒకదాని మీద నుంచి మరొకదాని మీదకు తిప్పుతూ ఉండాలి. ఒక్క కొలతకు విలువ లేదు. అటువంటి వందల కొలతలను చుక్కలుగా గీత కాగితం మీద పెట్టినప్పుడే వెలుగు ఎక్కి దిగే వంపు బయటపడుతుంది. మీరా చక్రం ఏడాదికి నెల రోజులు తక్కువ కావడం వల్ల దాని అధిక కాంతి వేళ ఏటేటా నెల రోజుల చొప్పున వెనక్కు జరుగుతుంది. దాంతో కొన్నేళ్లు అది నైరుతి మబ్బుల్లో దాగిపోతుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు దక్కనులో పరిశీలన పుస్తకాల పుటలు దాదాపు ఖాళీగా ఉండటం ఆకాశం పెట్టిన సెలవు. ఆ సెలవు పోగా మిగిలిన కాలంలో, అమెరికాలో పగలున్న వేళ ఇక్కడ రాత్రి కావడం, పదిహేడు డిగ్రీల అక్షాంశం నుంచి ఉత్తర దక్షిణాకాశాలు రెండూ అందడం హైదరాబాదు పరిశీలనకు కలిసివచ్చాయి.

ఆ వేధశాల ఆవరణలో పెరిగిన బాలుడొకడు తర్వాత భారత ఖగోళశాస్త్రానికే దారి చూపాడు. మలబారు తీరంలోని తలశ్శేరి నుంచి వచ్చి నిజామియాలో సహాయకుడుగా పనిచేసిన ఎం.కె. బాపు కుమారుడు వేణు బాపు 1927 ఆగస్టు 10న మద్రాసులో పుట్టి హైదరాబాదులో చదివాడు. నిజాం కళాశాల విద్యార్థిగా ఉండగానే చరకాంతి తారలను పరిశీలించి వ్యాసాలు ప్రకటించాడు. వెలుగు మారే చుక్కల ద్వారా పాలపుంత విస్తీర్ణం కొలిచిన హార్వర్డు ఖగోళజ్ఞుడు హార్లో షేప్లీ 1947లో భారతదేశానికి వచ్చినప్పుడు హైదరాబాదులో ఆ యువకుణ్ని కలిశాడు. హైదరాబాదు ప్రభుత్వ ఉపకార వేతనంతో బాపు హార్వర్డు చేరుకుని, 1949 జులైలో ఒక తోకచుక్కను కనుగొన్నాడు. బార్ట్ బోక్, గోర్డన్ న్యూకర్క్ పేర్లతో కలిపి అది బాపు-బోక్-న్యూకర్క్ తోకచుక్క అయింది. 1957లో ఓలిన్ విల్సన్‌తో కలిసి ఆయన ప్రకటించిన విల్సన్-బాపు ప్రభావం, నక్షత్ర వర్ణపటంలో కాల్షియం గీత మధ్య కనపడే ఉద్గారపు వెడల్పును బట్టి ఆ నక్షత్రం అసలు కాంతిని, దానినుంచి దూరాన్ని తెలుసుకునే మార్గం. కొడైకెనాల్, కావలూరు వేధశాలలను నడిపించిన ఆ శాస్త్రవేత్త 1979లో అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య అధ్యక్షుడయ్యాడు. 1982లో మరణించాడు. గుమ్మటం కింద నిద్ర మేల్కొన్న తండ్రి ఉద్యోగం, కొడుకుకు ఇల్లే బడిగా మారింది.

భాస్కరన్ తర్వాత డైరెక్టరైన అక్బర్ అలీ కాలంలో కంటి అంచనా స్థానంలోకి ఫొటో ఎలక్ట్రిక్ కొలత ప్రవేశించింది. కాంతి పడితే విద్యుత్తు పుట్టే గొట్టాన్ని దుర్భిణి వెనక అమర్చి, చుక్క వెలుగును విద్యుత్ ప్రవాహంగా కొలిచే ఈ పద్ధతిలో మెట్టులో వందో వంతు తేడా కూడా పట్టుబడుతుంది. దానితో పరిశోధకుల దృష్టి దీర్ఘకాల తారల నుంచి గ్రహణ జంట తారల మీదకు మళ్లింది. ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే రెండు చుక్కలలో ఒకటి మరొకదానికి అడ్డం వచ్చినప్పుడు మనకు కనిపించే వెలుగు తగ్గుతుంది, పక్కకు జరిగినప్పుడు పూర్వపు వెలుగు తిరిగి వస్తుంది. పర్షియస్ రాశిలోని అల్గోల్ ఈ విధంగా ప్రతి 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకు ఒకసారి మసకబారుతుందని 1783లోనే జాన్ గుడ్రిక్ చూపించాడు. ఆ మసకబారే వంపును సూక్ష్మంగా కొలిస్తే, ఎన్నడూ విడివిడిగా కనిపించని ఆ రెండు చుక్కల పరిమాణాలను లెక్కకట్టవచ్చు. వర్ణపటం నుంచి వాటి వేగాలు కూడా తెలిస్తే బరువులు సైతం తేలతాయి. తక్కెడలో పెట్టలేనిదాన్ని వెలుగు తరుగుదలతో తూచే పని ఇది.

బేగంపేట చుట్టూ నగరం పెరిగి విమానాశ్రయ దీపాలు ఆకాశాన్ని వెలిగించడంతో, అక్బర్ అలీ ప్రతిపాదించిన 48 అంగుళాల కొత్త దుర్భిణికి వేరే చోటు వెతకవలసి వచ్చింది. అమెరికాలో తయారైన ఆ దుర్భిణిని హైదరాబాదుకు ఆగ్నేయంగా, నాగార్జునసాగర్ వైపు దారిలో ఉన్న జాపాల, రంగాపురం గ్రామాల మధ్య ఎత్తు నేల మీద 1968లో నెలకొల్పారు. అంతకు నాలుగేళ్ల ముందే, 1964లో, ఉస్మానియా ఖగోళ విభాగాన్ని విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం ఉన్నత అధ్యయన కేంద్రంగా గుర్తించింది. బర్కిలీలో శిక్షణ పొంది వచ్చిన కె.డి. అభ్యంకర్, ఆయనతో పాటు ఎం.బి.కె. శర్మ, వారి శిష్యులు రంగాపురం రాత్రులను గ్రహణ జంట తారలకూ, ఒంటి మీద పెద్ద మచ్చలు మోస్తూ తిరిగే చుక్కలకూ వెచ్చించారు. సూర్యుడి మీది మచ్చల కంటే ఎన్నో రెట్లు పెద్దవైన ఆ మచ్చలు చుక్కతో పాటు తిరుగుతున్నప్పుడు గ్రహణం లేని వేళల్లో కూడా వెలుగు అలల్లా ఊగుతుంది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ రంగాపురం మీదుగా వెళ్లినప్పుడు దేశవిదేశాల పరిశోధకులు అక్కడకు చేరారు. ఆ ఒక్కరోజు జనం నోట నానిన వేధశాలలో, తక్కిన వేల రాత్రులూ ఎవరికీ తెలియని చుక్కల వెలుగు లెక్కతో గడిచాయి.

బేగంపేటను ముంచిన వెలుతురు క్రమంగా రంగాపురాన్నీ కమ్ముకుంది. ఇప్పుడు నగరంలోని ఔత్సాహికులు చుక్కలు చూడాలంటే పడమటికి పోయి, చీకటి ఇంకా కొంత మిగిలి ఉన్న వికారాబాదు అనంతగిరి కొండలను ఆశ్రయిస్తున్నారు. జఫర్ జంగ్ ఫిసల్‌బండలో దుర్భిణి నిలపాలనుకున్న నాడు ఊరి పొలిమేర దాటితే దొరికిన చీకటి, నేడు ఆయన పినతండ్రి బిరుదు మోసే ఊరి వరకు వెళితే తప్ప దొరకడం లేదు. బేగంపేట మిట్ట మీది పాత ఆవరణలో ఇప్పుడు ఆర్థిక, సామాజిక విషయాలపై పరిశోధించే సంస్థ పనిచేస్తోంది. అక్కడికి వచ్చే ఉత్తరాల మీద చిరునామా మాత్రం ఇప్పటికీ నిజామియా అబ్జర్వేటరీ క్యాంపస్ అనే ఉంటుంది.